ఖాళీ లేని ఎడంచెయ్యి

అనగనగా ఒక ఊళ్ళో ఒక రైలు గేటు. ఆ గేటు పక్కన ఒక ఆమ్లెట్ బండి. ఆ బండి నూకాలుది. ఊరి పేరు అడక్కు, నాకు గుర్తులేదు. గేటు మాత్రం గుర్తుంది. అది పడిందంటే చాలు, ఎటు బస్సులు అటే ఆగిపోయేవి. దిగిన జనమంతా నూకాలు బండి చుట్టూ మూగేవాళ్ళు. మళ్ళీ గేటు లేచేలోగా తినేసి బస్సెక్కాలి. అందుకని నూకాలు చేతులు చకచకా ఆడాల్సిందే.

నూకాలుకి భర్త పోయాడు. పిల్లా జెల్లా లేరు. ఉన్నదల్లా ఒక్క చెల్లెలు. ఆ చెల్లెలు కూడా ఆడపిల్లని కని కన్ను మూసింది.

అప్పుడు చెల్లెలి మొగుడు సత్తిబాబు పొత్తిళ్ళలో పిల్లని తెచ్చి నూకాలు ఒళ్ళో పెట్టాడు. "వదినా, పుట్టువెంట్రుకలు తీయించేదాకా నీ దగ్గరుంచు. కొండ మీద గుండు చేయించి, అట్నుంచటే నేను తీసుకెళ్తాను" అన్నాడు. తల్లి లేని పిల్ల పుట్టుజుట్టు తీసేదాకా తల్లి పుట్టింటివాళ్ళది, ఆ తర్వాత తండ్రిది అని వాళ్ళలో ఒక కట్టుబాటు. నూకాలు సరేనంది. ఒళ్ళో పిల్ల ఉండగా కాదనే మాట ఎక్కడ వస్తుంది?

పిల్లకి బుల్లెమ్మ అని పేరు పెట్టింది. నెత్తి నిండా నల్లటి జుట్టు. పాలు తాగేది, నవ్వేది, నూకాలు కనబడకపోతే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. అచ్చం నీలాగే.

ఒకరోజు బండి కింద గోనెపట్టా పరిచి దాన్ని దింపింది నూకాలు. జనం ఎక్కువగా ఉన్నారు. ఇటు తిరిగి అటు తిరిగేలోగా అది పాక్కుంటూ పాక్కుంటూ పట్టాల దాకా పోయింది. గేటు కాసే ముసలాయన చూసి ఎత్తుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. నూకాలుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు నుంచి బండి దగ్గర పిల్లని చంక దింపితే ఒట్టు.

మరి ఎడంచెయ్యి పిల్లకి పోయె, గుడ్లు కొట్టేదెలా? కుడిచేత్తోనే కొట్టాలి.

మొదటి గుడ్డు గుప్పిట్లోనే చితికి మోచేతి దాకా కారింది. రెండో గుడ్డు పెంకుతో సహా గ్లాసులో పడింది. అది తిన్న కండక్టరు, "ఆమ్లెట్లో ఉల్లిపాయలు చూశాం గానీ పెంకులేంటమ్మా?" అని గయ్యిమన్నాడు. అప్పుడు నూకాలు మూడో గుడ్డు తీసింది. గట్టిగా పట్టుకుంటే చితుకుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. నిద్రపోతున్న పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. పెనం అంచు మీద ఒక్క దెబ్బ, ఆ తర్వాత బొటనవేలితో మెల్లిగా విప్పడం. సొన గ్లాసులో పడింది, పెంకు చేతిలో మిగిలింది.

"టక్" అంది బుల్లెమ్మ.

అదే దాని మొదటి మాట. అమ్మా కాదు, అత్తా కాదు, టక్! ఇక చూసుకో. గుడ్డు కొట్టినప్పుడల్లా అది నూకాలు భుజం మీద పిడికిలితో కొట్టి "టక్" అనేది. బస్సులో వాళ్ళు కూడా కిటికీల్లోంచి "టక్" అనేవాళ్ళు. ఒంటిచేత్తో కలియబెడితే గ్లాసు కదులుతోందని, వడ్రంగి చేత బండి చెక్కకి గుండ్రంగా గుంట తీయించింది నూకాలు. గ్లాసు అందులో కూర్చునేది. పిల్ల చంకలో కూర్చునేది. అవే నూకాలు మంచి రోజులు.

ఏడాది తిరిగింది. సత్తిబాబు వచ్చాడు. "పిల్లకి ఆటలమ్మ పోసింది బాబూ, ఇప్పుడు కొండకి వద్దు" అంది నూకాలు. పిల్లకి ఒళ్ళంతా వేపాకు ముద్ద పూసి చూపించింది. అతను దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మరుసటేడు మళ్ళీ వచ్చాడు. "సరి ఏడు కదా, బేసి ఏట్లోనే తీయించాలి" అంది. అతను అవునవునని వెళ్ళిపోయాడు.

మూడో ఏడు వచ్చాడు. ఈసారి పంతులు గారిని అడిగి, ముహూర్తం పెట్టించుకుని మరీ వచ్చాడు. మొదటిసారి నూకాలు అబద్ధం ఆడింది. రెండోసారి నిజం చెప్పింది. మూడోసారి చెప్పడానికి ఏమీ లేక ఏడ్చింది.

సత్తిబాబుని తిట్టుకోకు నువ్వు. తన బిడ్డని తాను అడిగాడు, అంతేగా. మళ్ళీ పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఆ వచ్చినావిడ మంచిదే. సవతితల్లులందరూ రాక్షసులు కారమ్మా, అవి వేరే కథలు.

కొండ మీద నూకాలు ఒళ్ళోనే కూర్చోబెట్టి గుండు చేయించారు. నల్లటి జుట్టంతా ఆమె ఒళ్ళో పడింది. తలకి గంధం రాస్తే చల్లగా ఉందని కిలకిలా నవ్వింది బుల్లెమ్మ. ఆ తర్వాత తండ్రి చేతులు చాపాడు. అది నూకాలు మెడ వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. ఆ వేళ్ళు విడదీసింది నూకాలే.

"వదినా, కొన్నాళ్ళు రాకు. నిన్ను చూస్తే ఏడుస్తుంది, కొత్త ఇంట్లో కుదురుకోదు" అన్నాడు సత్తిబాబు. నూకాలు తలూపింది. ఆ కొన్నాళ్ళు ఏళ్ళయ్యాయి. రమ్మన్నవాళ్ళూ లేరు, పోవడానికి నూకాలుకి ధైర్యమూ లేదు.

మళ్ళీ బండి దగ్గర నిలబడింది. కుడిచెయ్యి గుడ్లు కొడుతోంది. ఎడంచెయ్యి మాత్రం వంగి, నడుము దగ్గరే ఉండిపోయింది. చంకలో ఎవరో ఉన్నట్టే.

"ఇప్పుడు పిల్ల లేదు కదా నూకాలూ, రెండు చేతులతో కొట్టుకోరాదూ?" అన్నాడు గేటు కాసే ముసలాయన.

"ఆ చెయ్యి ఖాళీ లేదు బాబాయ్" అంది నూకాలు.

అలా ఉండగా ఒకరోజు గేటు పడింది. బస్సు ఆగింది. ఒకావిడ, ఒక రెండు జడల పిల్లా దిగి బండి దగ్గరికొచ్చారు. ఆవిడ ఒక ఆమ్లెట్ వెయ్యమంది. నూకాలు గుడ్డు తీసి పెనం అంచుకి కొట్టింది.

"టక్" అంది ఆ పిల్ల, తనలో తను.

నూకాలు చెయ్యి ఆగిపోయింది.

"అదేంటే బుల్లెమ్మా, ఆవిడ ఏమనుకుంటుంది?" అంది తల్లి నవ్వుతూ. పిల్ల సిగ్గుపడింది. "ఏమోనమ్మా, నోట్లోంచి వచ్చేసింది" అంది.

నూకాలుకి కళ్ళు మసకలయ్యాయి. ఉల్లిపాయల మీదికి నెట్టి తుడుచుకుంది. చెబుదామనుకుంది. గొంతు దాకా వచ్చింది. కానీ ఆ పిల్ల "అమ్మా" అని ఎంత హాయిగా పిలిచిందో చూశావుగా. చెబితే ఒక అమ్మ బస్సులో పోతుంది, ఒక అమ్మ గేటు దగ్గర ఉండిపోతుంది. పసిది, ఎటు చూసి ఏడవాలి? అందుకని మింగేసింది.

"ఒక్క చేత్తో ఎలా కొడుతున్నావు అత్తా? నాకూ నేర్పవా?" అంది పిల్ల.

ఆమ్లెట్ వేసి, పొట్లం కట్టి ఆవిడ చేతికిచ్చి, "రా తల్లీ" అంది నూకాలు.

బుల్లెమ్మ బండి చుట్టూ తిరిగి వచ్చింది. కుడివైపు నిలబడొచ్చు, చోటుంది. కానీ అది వచ్చి నూకాలు ఎడంపక్కన, ఆ వంగిన చేతి కిందికి దూరి నిలబడింది. అక్కడికే ఎందుకొచ్చిందో దానికే తెలీదు.

మొదటి గుడ్డు గుప్పిట్లో చితికింది. ఇద్దరూ నవ్వారు. రెండో గుడ్డు పెంకుతో సహా పడింది. అవతల గూడ్సు బండి పోతూనే ఉంది. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె. దేవుడా, ఈ బండికి ఇంకో వంద పెట్టెలు తగిలించు అనుకుంది నూకాలు.

మూడో గుడ్డు బుల్లెమ్మ చేతిలో పెట్టింది. "గట్టిగా వద్దు, వదులుగా వద్దు" అని చెబుతోంది. అంతలో చివరి పెట్టె వెళ్ళిపోయింది. గేటు లేచింది. డ్రైవరు హారన్ కొట్టాడు. తల్లి ఆమ్లెట్ పొట్లం ఒక చేత్తో, పిల్ల చెయ్యి ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తింది. బుల్లెమ్మ మూడో గుడ్డుతోనే బస్సెక్కేసింది. కిటికీలోంచి గుడ్డు పైకెత్తి చూపించింది. నూకాలు కుడిచెయ్యి ఊపింది. ఎడంచెయ్యి అలాగే ఉంచుకుంది, వెచ్చగా ఉంది మరి.

ఆ గుడ్డు ఏమైందంటావా? దారి కుదుపులకి పగిలిందో, ఇంటికెళ్ళి ఒక్క చేత్తో కొట్టిందో! నూకాలుకి తెలీలేదు. నూకాలుకి తెలీనిది నాకెలా తెలుస్తుంది? ఇలా రా, ఈ చేతి మీద పడుకో. కళ్ళు మూసుకుని నాతోపాటు చెప్పు:

జుట్టేమో కొండకి,
బిడ్డేమో తండ్రికి,
బస్సేమో ఊరికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నువ్వేమో నిద్రకి.