మొదటి బల్ల దగ్గర కూర్చున్నవాడు

"టీచర్ గారూ, లెక్క నిజమే అయినప్పుడు మేమెలా ఓడిపోయామండీ?" అని అడిగాడు శశిధర్. మా జట్టు విశాఖపట్నం పోటీల నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మర్నాటి సాయంత్రం అది. అడిగిన ప్రశ్నకి నోటితో జవాబు చెప్పడం వకుళమ్మ గారి అలవాటు కాదు. అల్మరాలోంచి కార్డుల పెట్టె దించి, "ఇలా వచ్చి కూర్చో, ఒక ఆట ఆడదాం" అన్నారు.

ఆ ఆట సంగతి చెప్పేముందు, మా శశిధర్ వెలగబెట్టిన ఘనకార్యం చెప్పాలి. లేకపోతే మీకేమీ బోధపడదు.

కాకినాడ జగన్నాథపురంలో ఒక సైకిల్ షాపు మేడమీద వకుళమ్మ గారి హాలు ఉంది. పేకముక్కలు కనిపిస్తేనే మొహం ముడుచుకునే ఆ లెక్కల టీచరమ్మ, రిటైరయ్యాక తనే కూర్చుని 'రేవు' అనే కార్డుల ఆట ఒకటి తయారుచేశారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు ఆ ఆటకి హాళ్ళున్నాయి, పోటీలున్నాయి. ఆట మొదట్లో అందరి చేతిలోనూ ఒకటే సరంజామా, నాలుగు నాటుపడవలు, చిరుగుల వలలు. బల్ల మధ్య పరిచిన కార్డుల్లోంచి వంతుకొకటి కొనుక్కుంటూ ఎవరి కట్ట వాళ్ళు పెంచుకోవాలి. చివరికి ఎవరి సరుకు ఎక్కువగా రేవు చేరితే వాళ్ళది గెలుపు. ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి అన్నదే విద్యంతా.

శశిధర్ చురుకైనవాడు, కాదనను. మేమంతా గాలివాటంగా ఆడుతుంటే, వాడు హాల్లో జరిగిన ప్రతి ఆటనీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఏ కార్డు కొన్నవాళ్ళు ఎంతమంది గెలిచారు, ఎంతమంది ఓడారు అని తీశాడు. దాంతో ఒక నిజం బయటపడింది. 'ఏడు తెరచాపల ఓడ' అని ఒక కార్డుంది. బొమ్మ భలే ఉంటుంది, ధరా అలాగే ఉంటుంది, కనిపిస్తే చాలు అందరం ఎగబడేవాళ్ళం. తీరా చూస్తే అది కొన్నవాళ్ళే ఎక్కువగా ఓడిపోతున్నారు! దానికోసం కూడబెట్టుకుంటూ కూర్చునేసరికి ఎదుటివాడు చిన్న పడవలతోనే సరుకంతా దాటించేస్తున్నాడు. ఆ రోజు నుంచి మేం ఓడని ముట్టుకోవడం మానేశాం, బయటి హాళ్ళతో పోటీల్లో గెలవడం మొదలుపెట్టాం. శశిధర్‌ని కెప్టెన్ని చేసి నెత్తిన పెట్టుకున్నాం.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! తరవాత వాడి కన్ను 'గజ ఈతగాడు' మీద పడింది. మునుగుతున్న పడవలోంచి సరుకు కాపాడే కార్డు అది. ఇంకెందుకూ పనికిరాదు. దాన్ని కొన్నవాళ్ళ గెలుపు శాతం అన్నిటికన్నా అడుగున ఉంది. "ఆటలో అసలు ఉండకూడని కార్డండీ ఇది" అని తేల్చేశాడు. వకుళమ్మ గారు "ఊఁ" అని ఊరుకున్నారు. ఆ తరవాత అదే కొలతతో, బయటి హాళ్ళతో ఆడిన పోటీల్లో మనుషుల్ని కొలిచాడు. అన్నిటికన్నా అడుగున నూకరాజు పేరొచ్చింది.

నూకరాజుది ఫ్యాన్లకి వైండింగ్ చేసే కొట్టు. శశిధర్‌ని ఈ హాలుకి మొదట చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది అతనే. కార్డులు చెదరకుండా కలపడం నేర్పిందీ అతనే. వీడు "అన్నయ్యా" అంటే అతను పొంగిపోయేవాడు. విశాఖ వెళ్ళాలని అందరికన్నా ఎక్కువ సరదా పడ్డదీ అతనే. ఇస్త్రీ చొక్కాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. అటువంటివాణ్ణి శశిధర్ పక్కకి పిలిచి, తెరమీద అంకె చూపించి, "ఏమీ అనుకోకు అన్నయ్యా, జట్టు కోసం" అన్నాడు. నూకరాజు ఆ అంకెని చాలాసేపు చూశాడు. "అవున్రా, నిజమే కదా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. జట్టు ఎంపికలో వకుళమ్మ గారు వేలు పెట్టరు. తక్కినవాళ్ళం నోళ్ళు కుట్టేసుకున్నాం.

విశాఖలో ఏమైందంటే, పోటీకి నాలుగు బల్లలు వేస్తారు. మొదటి బల్ల దగ్గర ప్రతి హాలూ తన మొనగాణ్ణి కూర్చోబెడుతుంది. మాలో మాత్రం ఆ బల్ల పేరెత్తితే అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఇన్నాళ్ళూ ఎవరూ అడక్కుండానే నూకరాజు "నేను కూచుంటాన్లే" అని వెళ్ళి కూర్చునేవాడు. ఈసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి కెప్టెన్ కాబట్టి శశిధరే కూర్చున్నాడు. ఎదుటి మొనగాడు వాణ్ణి చితక్కొట్టేశాడు. వీడు ఎప్పుడూ గెలిచే మూడో బల్ల దగ్గర, నూకరాజు బదులు వచ్చిన కొత్తవాడు కూర్చుని అక్కడా ఓడాడు. ఇక జట్టుకి మిగిలిందేముంది, నా బొంద. అయినా మావాడు అదంతా దురదృష్టమనే అనుకుంటున్నాడు.

ఇప్పుడు హాల్లో ఆట సంగతి. వకుళమ్మ గారు చిన్నవాడు కదా అని జాలి చూపించే రకం కాదు. మొదటినుంచీ, ఎదుటివాడి పడవల్ని ముంచే తుఫాను కార్డులు వరసగా వీడి మీదికి తోలారు. వీడి పడవలు ఒక్కొక్కటే మునగడం మొదలయ్యాయి. బల్ల మధ్య గజ ఈతగాడి కార్డు పడి ఉంది. శశిధర్ దానివంక ఒకసారి చూసి, తల తిప్పుకుని, మళ్ళీ చూసి, కొనేశాడు. కాసేపటికి ఇంకొకటి కూడా కొన్నాడు. కొంత సరుకు దక్కింది, ఆట మాత్రం పోయింది.

"ఉండకూడని కార్డన్నావుగా. ఎందుకు కొన్నావు?" అన్నారావిడ.

"మునిగిపోతుంటే ఇంకేం కొంటానండీ?" అన్నాడు వాడు చిరాగ్గా.

"అలాగా. అయితే ఈ ఆట కూడా ఎక్కించుకో. ఈతగాణ్ణి కొన్నాడు, ఓడిపోయాడు అని."

శశిధర్ లాప్‌టాప్ తెరిచాడు. వేళ్ళు మీటల మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆ కార్డుని గెలుస్తున్నవాడు ఎవడూ కొనడు. అప్పటికే ఓడుతున్నవాడే కొంటాడు. అప్పుడు ఓటమి కార్డు ఖాతాలో పడుతుంది. "మొదటి బల్ల..." అన్నాడు నెమ్మదిగా. "అన్నయ్య ఆడినవన్నీ మొదటి బల్ల దగ్గరే కదండీ!" వకుళమ్మ గారు కార్డులు సర్దుకుంటున్నారు.

మర్నాడు నన్ను కూడా వెంటబెట్టుకుని నూకరాజు కొట్టుకి వెళ్ళాడు. అతను రాగి తీగ చుడుతున్నవాడల్లా లేచి, "ఏరా శశీ, కప్పు కొట్టారా?" అన్నాడు ఆత్రంగా. ఓడిపోయామంటే "అయ్యయ్యో" అని నిజంగా బాధపడ్డాడు. మాకు టీలు చెప్పాడు. శశిధర్ టీ ముట్టకుండా అంతా విడమరచి చెప్పాడు. ప్రతిసారీ గట్టివాళ్ళ ఎదురుగా కూర్చున్నది నువ్వు, మేం గెలిచింది అందుకే, మొదటి బల్లని విడిగా లెక్కవేస్తే మన హాలు తరఫున అక్కడ అప్పుడప్పుడన్నా గెలిచినవాడివి నువ్వొక్కడివే అన్నాడు. తెర తిప్పి చూపించాడు. "తప్పు నాదన్నయ్యా, క్షమించు" అన్నాడు.

నూకరాజు నవ్వాడు. "నన్ను ఓదార్చడానికి ఇంత లెక్క వేశావన్నమాట. నీది మంచి మనసురా."

"ఓదార్పు కాదు, ఒట్టు! లెక్కే చెబుతోంది."

"అప్పుడు చెప్పిందీ లెక్కేగా, తమ్ముడూ." కోపంగా అని ఉంటే బాగుండేది. చాలా మామూలుగా అన్నాడు. "నాకు ముందునుంచీ అనుమానమే, ఈ ఆట నాకు అబ్బలేదని. ఎలాగూ ఓడిపోయేవాణ్ణి, ఆ పెద్దవాడి ముందు నేను కూర్చుంటే మీరన్నా గెలుస్తారు కదా అని కూర్చునేవాణ్ణి. మీరంతా మొహమాటానికి పైకి అనట్లేదేమో అనుకునేవాణ్ణి. నువ్వొక్కడివీ ధైర్యంగా తేల్చి చెప్పావు. మనసు తేలికపడింది." తన కార్డులు పక్కింటి పిల్లలకి ఇచ్చేశాడట. టీ చల్లారిపోతోంది తాగమని మళ్ళీ తీగ చుట్టడంలో పడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తరవాత కూడా శశిధర్ రెండు మూడుసార్లు వెళ్ళాడు. బతిమాలాడు. కెప్టెన్‌గా ఉండమన్నాడు. నూకరాజు ప్రతిసారీ టీ ఇప్పించాడు, నవ్వాడు, హాలు మెట్లు మాత్రం ఎక్కలేదు.

చివరికి వాడు వకుళమ్మ గారి ఎదురుగా చతికిలబడ్డాడు. "లెక్క పూర్తిగా దిద్దేశానండీ. ఎక్కడా తప్పు లేదు. ఎన్నిసార్లు చూపించినా నమ్మట్లేదు. ఇప్పుడేం చెయ్యమంటారు?"

ఆవిడ వాడివంక చూశారు. ఆ చూపులో కోపం లేదు.

"నీ దగ్గరున్న లెక్క దిద్దుకున్నావు, సంతోషం. ఆ రోజు అతనికి ఇచ్చి పంపిన లెక్కని ఎవరు దిద్దుతారు నాయనా?" అన్నారు.