బూడిదలో పడని గిరాకీ

వాగు ఒడ్డున ఎలుగుబంటి ఈరమ్మకు చిన్న అంగడి. తేనె, నేరేడుపళ్లు, కొర్రలు, సజ్జలు. అవతలి గట్టున కోతులు పెద్ద కొట్టు తెరిచాక బేరాలు పలచబడ్డాయి. ఈ వానాకాలం అంగడి నిలవకపోతే అరిగిన గోళ్లతో మళ్లీ పుట్టలు తవ్వుకోవాల్సిందే.

అప్పుడు దిగాడు నక్క సూరప్ప. పట్నంలో ఏదో సూపర్‌మార్కెట్ వెనకాల కొన్నాళ్లు తిరిగాడు. తిన్నది చెత్తబుట్టలోదే అయినా మాట మాత్రం ఆఫీసుది.

"అక్కా, నీ అంగడి రోగం ఏమిటో తెలుసా? డేటా లేకపోవడం."

"అదెక్కడ దొరుకుతుంది తమ్ముడూ? తెచ్చి పెడతాను."

"తెచ్చేది కాదు, పోగుచేసేది!"

ప్రతి బుట్ట ముందూ జల్లించిన బూడిద పరిచాడు. ఎక్కడ అడుగులు ఎక్కువ పడితే అక్కడే గిరాకీ ఎక్కువట. కొన్నాళ్లకు మూతి నిండా బూడిదతో లేచి తీర్పు చెప్పాడు.

"నేరేడుపళ్ల ముందు జింకలు, కుందేళ్లు. తేనె ముందు నీ చుట్టాలు. కొర్రలు, సజ్జల ముందు ఒక్క అడుగు లేదు. తీసి పారెయ్."

"అదేంటయ్యా! చిలకలు, పిచ్చుకలు రోజూ బస్తా అంచున వాలి..."

"వాలితే వాలనీ. బూడిదలో లేవంటే లేవంతే."

పుట్టల భయం ఈరమ్మ నోరు మూయించింది. బస్తాలు లోపల పడేసింది.

పక్షులు వెతికాయి, అరిచాయి, వాగు దాటిపోయాయి. అవి గింజలు ఊరికే తినేవి కావు. ఏ చరియలో తేనెపట్టు నిండిందో, ఏ లోయలో నేరేడు పండిందో చెప్పి మరీ తినేవి. ఆ కబుర్లు ఆగిపోయాయి. తేనె కుండ అడుగంటింది, పళ్ల బుట్ట ఖాళీ అయింది. జింకలూ కోతుల కొట్టుకే నడిచాయి.

"సూరప్పా, ఇప్పుడు ఎవరి అడుగులూ లేవు!"

"చూశావా అక్కా, డేటా ఎంత శుభ్రంగా ఉందో!"

ఈరమ్మకు ఒళ్లు మండింది. వాగు దాటి, కోతుల కొట్టు చూరు మీదున్న చిలక పచ్చమ్మను పిలిచింది.

"తిరిగి రావే పిల్లా."

"లేనివాళ్లం ఎలా వస్తాం పెద్దమ్మా? మేం లేమని మీ నక్కగారు తేల్చారటగా!"

"తప్పు నాదే తల్లీ. బస్తాలు కొమ్మకే కడతాను."

"అయితే వింటావా? వానల్లో జింకలు బురదలో నడవలేక ఏడుస్తున్నాయి. పళ్లు మేం మోసుకెళ్లి ఇస్తాం."

పక్షుల కబుర్లు మళ్లీ మొదలై బుట్టలు నిండాయి. ఇక ఇంటింటికీ రెక్కల మీదే సరుకు. అడవంతా ఈరమ్మ పళ్లే తింటోంది. వాసన పట్టి సూరప్ప పరుగెత్తుకొచ్చాడు.

"నా సలహా ఫలించింది అక్కా! నా వాటా ఓ కుండ తేనె."

"పెరిగిన గిరాకీని నీ బూడిదలో చూపించు తమ్ముడూ. అడుగుకో గరిటె పోస్తాను."

సూరప్ప వంగి బూడిదంతా గాలించాడు. ఉన్నవి ఒకరి అడుగులే.

"ఇవి ఎవరివో చెప్పనా?" అంది ఈరమ్మ. "అన్నీ వాసన చూసి ఏమీ కొనకుండా పోయే ఒక నక్కవి. ఇలాంటి గిరాకీని ఏం చెయ్యమంటావు?"

కొమ్మల మీద పక్షులు విరగబడి నవ్వాయి. సూరప్ప తోక దులుపుకుని, కోతుల కొట్టుకు సలహా ఇస్తానంటూ కదిలాడు. ఈరమ్మ ఆపలేదు. దారిలో పనికొస్తుందని సంచెడు బూడిద కట్టి మరీ పంపింది.

నీతి: మన లెక్కకు అందనివాళ్లను అసలు లేరనుకుంటే, లెక్క మిగులుతుంది, అంగడి మిగలదు.