అభిన్నేశ్వరుడు వెలసిన తొమ్మిది పలకలు

పూర్వం చిత్తేటి సీమను నరసింగ భూపతి పాలిస్తున్న కాలంలో, మూడేళ్లు వరుసగా వానలు లేక ఏటి గర్భంలో ఇసుక మాత్రమే మిగిలిన దుర్దశలో, ఆ ప్రభువు కొండమీది శివునికి ఇంటికొక రాతిపలకతో ఆలయం కట్టిస్తానని మొక్కుకున్నాడు. వానలు కురిశాయి. సీమలోని పదివేల తొమ్మిది ఇళ్లవారూ ఒకే కొలతగల చదరపు పలకలను కొండపైకి చేర్చారు. ఒక్క పలకనైనా విరగగొట్టరాదు, విడిచిపెట్టరాదు అన్నది మొక్కులోని నియమం.

స్థపతి వీరభద్రాచారి వరుసకు నూరు చొప్పున నూరు వరుసలు పరిపించగా తొమ్మిది పలకలు మిగిలాయి. అవి చివరగా వచ్చిన మేదరవాడవి. ఏటి అవతల ఉన్న ఆ వాడలో ఇళ్లు తొమ్మిదే. వాటిని స్వామి అంగీకరించలేదని ఆస్థాన పండితులు తేల్చారు. పున్నమిలోగా అన్నీ సమ వరుసల్లో ఇమిడే పద్ధతి దొరకకపోతే ఆ పలకలను ఏటిలో వేయించి, ఇచ్చినవారికి కొండ ఎక్కే అర్హత లేకుండా చేయాలని ప్రభువు చేత ఆజ్ఞ ఇప్పించారు.

ఆ వాడలో చాపలల్లే ఓబులమ్మ, భర్త పోయిన ఏడాదిలోనే, తన పలకను తానే తలమీద మోసుకొచ్చిన మనిషి. ఆజ్ఞ విని ఆమె ఏడుస్తూ కూర్చోక, వాకిట్లో పదివేల తొమ్మిది చింతగింజలు పోసి, రెండేసి, మూడేసి, ఏడేసి వరుసలు పేర్చడం మొదలుపెట్టింది. అరవైయొకటేసి పేరిస్తే ఐదు మిగిలాయి, తొంభైయేడేసి పేరిస్తే పద్దెనిమిది. రెండు వైపులా నూటొకటికి తగ్గకపోతే గింజలే చాలవు గనుక, నూరు దాటి వెతకనక్కరలేదని ఆమెకు తోచింది. నూరు వరకూ ఏ పేర్పూ సమంగా రాలేదు; లోపం తమ పలకల్లో కాదు, ఆ సంఖ్యలోనే ఉందని ఆమె గ్రహించింది.

పున్నమినాటి ఉదయం ఆమె కొలువులో నిలబడి, "దొరా, లోపం మా పలకల్లో లేదు. పదివేల తొమ్మిదిని ఎన్నేసి చొప్పున పంచినా సమంగా పంచడం కుదరదు. మా పలకలను ముందే పరిచి, ఇంకెవరివి చివరికి మిగిల్చినా అంతే," అంది.

పండితులు నవ్వారు గాని వీరభద్రాచారి నవ్వలేదు. అక్కడే కూర్చుని ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూసి, మధ్యాహ్నానికి లేచి, ఆమె మాట సత్యమని సభలో ఒప్పుకున్నాడు. మరి మొక్కు తీరేదెలాగని ప్రభువు దిగులుపడ్డాడు.

"మీ నూరు వరుసలూ ఒక చదరం, దొరా. మా తొమ్మిదీ మూడుకు మూడు, అదీ చదరమే. అది మండపం, ఇది గర్భగుడి," అంది ఓబులమ్మ.

ఆ సంఖ్యను రెండు చదరాలుగా కూర్చడానికి మరో మార్గమే లేదని స్థపతి లెక్కించి ప్రకటించగా కొండంతా హరహర నాదంతో మారుమోగింది. ప్రభువు కిరీటం తీసి, ఓబులమ్మ పలకను తన తలపైన మోసి, గర్భగుడి నడుమ స్వయంగా పరిచాడు. విభజనకు లొంగని సంఖ్యమీద కొలువైనందున స్వామి అభిన్నేశ్వరుడైనాడు, కొండ అభిన్నగిరి అయింది.

నేటికీ కార్తికపున్నమినాడు మేదరవాడ ఆడపడుచులు బిందెలతో ముందు నడవగా సీమ యావత్తూ వారి వెనుక కొండ ఎక్కుతుంది. వారు పోసిన జలం స్వామి శిరసునుంచి జారి మొదట తడిపేది ఆ తొమ్మిది పలకలనే.