గువ్వలకుంట పంచాయతీ, ఓబులక్క తుపాకి

గువ్వలకుంట వాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. ఎవరేం చెప్పినా అక్షరం జారిపోకుండా చేసెయ్యడమే వాళ్ళ దృష్టిలో తెలివి. ఒకసారి గాలివానకి ఊరి పేరుబోర్డు ఎగిరి పక్క ఊరి కంచెలో పడింది. అంతే, ఊరు అక్కడికి మారిపోయిందనుకుని మూటలు కట్టుకుని, మేకలు తోలుకుని పోయి బోర్డు చుట్టూ చాపలు పరిచారు. పక్క ఊరివాళ్ళు బోర్డు తెచ్చి మళ్ళీ పాత చోట పాతేదాకా అక్కడే వండుకు తిన్నారు. "బోర్డు కంటే మనకెక్కువ తెలుసా ఏంది?" అంది ఓబులక్క అప్పుడు. అందరూ నిజమే అన్నారు.

ఓబులక్క పంచాయతీలో వార్డు మెంబరు. మిగతా వాళ్ళు ముగ్గురే. సర్పంచ్ గంగులప్ప, తాటిచెట్టంత పొడుగున్న తిరపాలు, నున్నటి గుండువాడు పుల్లప్ప. ఆ నలుగురిలో పుల్లప్ప పెద్ద చదువరి. అయిదో తరగతి రెండేళ్ళు చదివాడు. ఒక్కసారే చదివి గట్టెక్కిన వాళ్ళకంటే తనది రెట్టింపు చదువని ఆయన లెక్క.

ఓబులక్కకి అడవి అంచున శెనక్కాయ చేను ఉంది. కాయ ఊరే వేళకి అడవిపందులు దిగి, దున్నినట్టు తవ్వి పోతాయి. వాటిని బెదిరించడానికి ఆమె దగ్గర పోయిన మొగుడు వదిలి వెళ్ళిన నాటు తుపాకి ఒకటుంది. చెక్క అరిగిపోయింది, గొట్టం తుప్పు పట్టింది. అయినా ఆకాశంలోకి పెట్టి ఒక్కసారి పేలిస్తే కొండ అవతల దాకా పందులు వెనక్కి చూడకుండా పరిగెత్తేవి. ఆమె రోజూ దానికి నూనె రాసి, తుడిచి, మంచం పక్కన నిలబెట్టి, "ఆకలేస్తే చెప్పు" అని దానితో మాట్లాడేది.

అట్లాంటి రోజుల్లో రాష్ట్ర సర్కారు కొత్త చట్టం తెచ్చింది. ఊళ్ళలో ఉన్న నాటు తుపాకులన్నీ పోలీసు ఠాణాలో అప్పగించాలి. ఒకటో తారీఖు నుంచి ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు.

అడవి పక్క ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి. తుపాకి తీసుకుంటే పందుల్ని ఆపేదెవరు? పంచాయతీలన్నీ ఆ చట్టం మాకొద్దని తీర్మానాలు మొదలుపెట్టాయి. ఈ గొడవంతా ముందుండి నడిపిస్తున్నది ఎగువపల్లె సర్పంచ్ లక్ష్మీనరసమ్మ. ఆమె స్కూటీ వేసుకుని గువ్వలకుంటకి కూడా వచ్చింది.

"మీరు చేయాల్సినవి మూడే మూడు" అందామె. "ఒకటి, ఏకగ్రీవంగా తీర్మానం చెయ్యండి. రెండు, ఒకటో తారీఖున చట్టం వస్తుంది, దాన్ని మీ ఊళ్ళోకి రానివ్వకుండా అడ్డుకోండి. మూడు, ఏం జరిగినా సరే, చట్టాన్ని మాత్రం చేతుల్లోకి తీసుకోవద్దు."

"మీరు నిశ్చింతగా పోయి రాండమ్మా. మూడూ తు.చ. తప్పకుండా చేస్తాం" అన్నాడు గంగులప్ప.

ఆమె స్కూటీ మలుపు తిరగ్గానే నలుగురూ పంచాయతీ ఆఫీసులో కూర్చున్నారు. గంగులప్ప గొంతు తగ్గించి అడిగాడు. "పుల్లప్పా, ఏకగ్రీవం అంటే?"

"ఏకం అంటే ఒకటి. గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒకే మెడ కావాల. అప్పుడు చేసిందే తీర్మానం."

"మనకి నాలుగున్నాయే!" అన్నాడు తిరపాలు, వేలు పెట్టి లెక్కపెట్టి.

"నాలుగింటినీ కలిపి కడితే ఒకటి కాదా? నాలుగు కట్టెలు కడితే ఒక మోపు కాదా?" అంది ఓబులక్క. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ముచ్చటేసింది.

ఇంకేముంది, గంగులప్ప పైపంచ తీసి, తడిపి, నాలుగు మెడలకీ చుట్టి బిగించి ముడేశారు. ఒకరి చెంప ఒకరికి అతుక్కుపోయింది. ఓబులక్క ముక్కు పుల్లప్ప గుండుకి ఆనింది.

"తుపాకి ఇచ్చేది లేదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు గంగులప్ప.

తిరపాలుకి పనిలో శ్రద్ధ ఎక్కువ. చెయ్యి బాగా కనపడాలని లేచి నిలబడి మరీ ఎత్తాడు. అంతే, మిగతా ముగ్గురూ మునివేళ్ళ మీదికి లేచారు. కళ్ళు తేలేసి, మెడ విడిపించుకోవడానికి రెండేసి చేతులూ పైకి లేపి కొట్టుకున్నారు.

"అబ్బా, రెండు చేతులూ ఎత్తినారే! ఇంత గట్టి ఒప్పుదల నేను చూళ్ళేదు" అని మురిసిపోయాడు తిరపాలు.

ముడి తడిసి బిగుసుకుంది. కొడవలితో కోసేసరికి ముగ్గురి మెడలూ ఎర్రగా వాచిపోయాయి. వారం దాకా ఓబులక్క తల పక్కకి తిప్పలేకపోయింది. అయినా ఎదురైన వాళ్ళందరికీ మెడ చూపించి, "ఏకగ్రీవం" అని గర్వంగా చెప్పుకుంది.

ఒకటో తారీఖు వచ్చింది. తెల్లారగానే ఊరి మొగదల రోడ్డుకి అడ్డంగా ఎద్దులబండి పెట్టి, అందరూ కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

"అది వస్తే మనం గుర్తుపట్టేదెట్లా?" అంది ఓబులక్క. చట్టం ముందు ఆమె ఇంటికే వస్తుంది మరి.

"చానా తేలిక. చట్టానికి కళ్ళు లేవంట. చేతులు మాత్రం చానా పొడుగంట" అన్నాడు పుల్లప్ప.

సరిగ్గా అప్పుడే రోడ్డు మలుపులో ఒక మనిషి కనిపించాడు. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని తడుముకుంటూ వస్తున్నాడు. ఇంకేముంది, అందరూ మీద పడి కింద పడేసి, చేతులూ కాళ్ళూ కట్టేశారు.

తీరా చూస్తే తిరపాలు. చీకటితోనే పోయి మిరపచేలో కాయ కోసి, ఆ చేత్తోనే కళ్ళు నులుముకున్నాడు.

"ఎవరు నువ్వు?" అని గద్దించాడు గంగులప్ప.

"నేనన్నా, తిరపాలుని!"

"అబద్ధం. కళ్ళు లేవు, చేతులు పొడుగు. నువ్వు చట్టానివి."

తిరపాలు కాసేపు ఆలోచించాడు. "నేనా? మా అమ్మ కూడా నాకెప్పుడూ చెప్పలేదే" అని వలవలా ఏడ్చాడు.

ఓబులక్కకి జాలేసింది. చట్టమైతే మాత్రం, ఏడిస్తే చూస్తూ ఊరుకుంటామా? కొంగుతో వాడి కళ్ళు తుడిచింది. అంతలో పోలీసు జీపు వచ్చి హారన్ కొట్టింది. దాంట్లో ఎస్సై మస్తాన్ వలీ కూర్చుని ఉన్నాడు.

"ఏంటిది? రోడ్డుకి అడ్డంగా బండేంటి?"

గంగులప్ప జీపులోకి తొంగిచూశాడు. ఎస్సైకి రెండు కళ్ళూ ఉన్నాయి, పైగా నల్లద్దాలు. చేతులు మామూలే. "మీరు కాదు సార్. మీరు పోవచ్చు. మేం చట్టాన్ని అడ్డుకుంటున్నాం. ఇదో, పట్టుకున్నాం కూడా" అని బండి పక్కకి లాగించాడు. జీపు ఇసుకలో కూరుకుపోతే అందరూ కలిసి నెట్టి, ఊళ్ళోకి చేర్చారు. అందరికంటే గట్టిగా నెట్టింది ఓబులక్క.

పంచాయతీ ఆఫీసు ముందు ఎస్సై సర్కారు ఉత్తర్వు బయటికి తీశాడు. "కొత్త చట్టం. సర్పంచ్ ఎవరు? తీసుకోండి."

గంగులప్ప చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. "చట్టాన్ని చేతుల్లోకి తీసుకోం సార్. లక్ష్మీనరసమ్మ వద్దని చెప్పింది."

"తీసుకోకపోతే కేసు అవుతుంది."

గంగులప్పకి దిక్కు తోచలేదు. ముందుకి వంగి, ఆ కాగితాన్ని పళ్ళతో అందుకున్నాడు. ఎస్సై అడిగినదానికల్లా "మ్మ్, మ్మ్" అంటూ నిలబడ్డాడు.

ఎస్సై నుదురు తుడుచుకున్నాడు. "సరే, ఈ ఊళ్ళో తుపాకి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే సామీ. ఇచ్చేది లేదు" అంది ఓబులక్క.

"ముందు చూపించు."

చూపించడానికేముంది, ఇవ్వం కదా అనుకుంది ఆమె. పక్కనే ఉన్న తన ఇంటికి పోయి, తుపాకి తెచ్చి, గొట్టం తిన్నగా ఎస్సై ముఖానికి గురిపెట్టి చూపించింది.

ఎస్సై జీపు వెనకాల దూకాడు. "ఏయ్! పోలీసుకే తుపాకి చూపిస్తావా?"

"మీరే కదా సామీ చూపించమన్నారు!"

"అటు తిప్పు! అటు తిప్పు!"

ఆమె అటు తిప్పింది. అటున్న వాళ్ళు నేలకి కరుచుకున్నారు. ఇటు తిప్పింది. ఇటున్న వాళ్ళు గోడ దూకారు. గంగులప్ప నోట్లో కాగితంతోనే కోళ్ళగంప కింద దూరాడు.

"మందు వేశావా?" అని అరిచాడు ఎస్సై జీపు చాటు నుంచి.

"పొద్దున్నే వేసుకున్నా సామీ, మోకాళ్ళ నొప్పికి. ఎందుకో ఇంకా తగ్గలా."

"అది కాదమ్మా! లోపల గుండు ఉందా?"

ఓబులక్క చుట్టూ చూసింది. "లోపలెందుకుంటాది? ఇదో, మీ పక్కనే ఉంది" అంది, పుల్లప్పని చూపించి.

పుల్లప్ప తలకి తువ్వాలు కప్పుకున్నాడు. ఎస్సై చప్పున వచ్చి, తుపాకి లాక్కుని, జీపులో పడేసుకుని వెళ్ళిపోయాడు. జీపు వెనక దుమ్ములో ఓబులక్క చాలాసేపు నిలబడింది. ఇంటికి పోయి చూస్తే మంచం పక్కన గోడకి నూనె మరక తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

ఆ తరవాత పందులకి పండగ వచ్చింది. ఓబులక్క చేనుకి పోయి అరిచింది, తపేలా మోగించింది. అవి తలెత్తి చూసి, మళ్ళీ తవ్వుకున్నాయి. చేనులో ఒక మూల ఖాళీ అయిపోయింది. ఇంకో మూల పోతే ఏడాదంతా గంజి కూడా ఉండదు. ఆమె గట్టు మీద కూర్చుని, "నువ్వుంటే ఇంత జరిగేదా?" అని గొణుక్కుంది. మొగుణ్ణి అన్నదో, తుపాకిని అన్నదో ఆమెకే తెలియలేదు.

అయితే మిగతా పంచాయతీలు ఊరుకోలేదు. లక్ష్మీనరసమ్మ అందరినీ వెంటేసుకుని జిల్లా కచేరి ముందు కూర్చుంది. తవ్విన చేలు చూపించింది. కొన్నాళ్ళకి సర్కారు దిగివచ్చింది.

ఒక మధ్యాహ్నం ఎస్సై జీపు మళ్ళీ వచ్చింది. పక్కన లక్ష్మీనరసమ్మ నవ్వుతూ కూర్చుంది. ఎస్సై తుపాకిని తెచ్చి ఓబులక్క చేతిలో పెట్టి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "అడవి పక్క ఊళ్ళకి సడలింపు ఇచ్చారు. పంట కాపాడుకోవడానికి ఊరికొక తుపాకి ఉంచుకోవచ్చు. ఇకనుంచి మీరు తుపాకి కాల్చుకోవచ్చు. చట్టప్రకారం మీకు పర్మిషన్ ఉంది."

"కొట్లాడి తెచ్చుకున్న హక్కు, ఊరికే పెట్టుకోవద్దు, వాడుకోండి" అంది లక్ష్మీనరసమ్మ. జీపు కదిలిపోయింది.

ఓబులక్క తుపాకిని గుండెలకి హత్తుకుని ఇంటికి తీసుకుపోయింది. నూనె రాసింది. ఊరి నుంచి వచ్చిన చుట్టానికి కడుపు నిండా పెట్టినట్టు, మందు దట్టంగా కూరింది. బయటికి వచ్చేసరికి పుల్లప్ప, గంగులప్ప, తిరపాలు ఆఫీసు ముందు ఎండుకట్టెలు పేరుస్తున్నారు.

"ఏంది మీరు చేసేది?"

"హక్కు వాడుకోవద్దా? తుపాకి కాల్చుకోవచ్చని చెప్పి పోయినారు కదా" అన్నాడు గంగులప్ప.

ఆమె తుపాకిని వెనక్కి లాక్కుంది. "మా ఆయన బతికినన్నాళ్ళూ దీన్ని పేల్చినాడు గానీ, ఒక్కనాడైనా కాల్చలేదే!"

"అప్పుడు పర్మిషన్ లేదు కదక్కా!" అన్నాడు పుల్లప్ప.

ఓబులక్క తుపాకి గొట్టం నిమిరింది. నిజమే. పాపం, ఆయనకి ఆ యోగం లేకపోయింది. అయినా మనసొప్పక అడిగింది. "పేల్చుకుంటే చాలదా?"

"పేల్చడానికి పర్మిషన్ రాలేదక్కా. కాల్చడానికే వచ్చింది. పేలిస్తే కేసు."

"కాలిస్తే పందులు పోతాయా?"

"కమురు వాసనకి ఏ జంతువు నిలబడతాది?"

పంట మాట వచ్చాక ఆమె ఇంక కాదనలేకపోయింది. తుపాకిని చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు మంట మీద పెట్టింది. తిరపాలు ఒక పక్క నల్లబడగానే పట్టకారుతో రెండో పక్కకి తిప్పాడు. "సరిగా కాలాల, పచ్చిగా ఉండకూడదు" అంటూ గంగులప్ప విసనకర్రతో విసిరాడు. చెక్క చిటపటలాడింది. ఓబులక్క ముఖం పక్కకి తిప్పుకుంది.

ఇంకేముంది, ధడేల్‌మని కొండలు మారుమోగాయి. కట్టెలు గాల్లోకి లేచాయి. విసనకర్ర పిడి ఒక్కటే గంగులప్ప చేతిలో మిగిలింది. ఆఫీసు రేకు ఒకటి ఎగిరి వీధిలో పడింది. మసి పట్టిన నలుగురూ ఒకరినొకరు గుర్తుపట్టలేక, "నువ్వెవరు? నువ్వెవరు?" అని అడగసాగారు.

చప్పుడు విని జీపు గిర్రున వెనక్కి తిరిగి వచ్చింది. ఎస్సై దూకి దిగాడు. "ఊరి మధ్యలో పేల్చిందెవరు?"

ఓబులక్క కొంగు దులుపుకుని ముందుకొచ్చింది. "మేమెవరమూ పేల్చలేదు సామీ. మాకు చట్టం తెలీదా? మేం కాల్చినాం. పేలింది అదే! కేసు పెడితే దాని మీదే పెట్టుకోండి."

లక్ష్మీనరసమ్మ జీపులోనే తల పట్టుకుని కూర్చుంది. చెక్క కాలిపోయి, వంకర తిరిగిన గొట్టాన్ని ఒక కానిస్టేబులు గోనెసంచిలో చుట్టి జీపెక్కించాడు. జీపు కదలగానే ఓబులక్క చెప్పులు చేతబట్టుకుని వెనకే పరిగెత్తింది.

"సామీ, సామీ! వయసు మళ్ళింది, ఠాణాలో కొట్టొద్దండి! రేపు పొద్దున్నే వస్తా, జామీను నేనుంటా!"