టేకు చేపల నీళ్లు

వకుళ రెండు ఖాళీ గంపలు పట్టుకుని గురువు దగ్గరికి వచ్చింది. అడగవలసిన మాటను దారి పొడవునా మననం చేసుకుంటూనే వచ్చింది. అయినా షెడ్డు గుమ్మంలో కాళ్లు ఆగిపోయాయి.

గురువు పేరు దస్తగిరి. నెల్లూరు తీరంలో రొయ్యపిల్లల హేచరీలో చాలా ఏళ్లు పనిచేసి, మానుకున్నాక ఊరి చివర రేకుల షెడ్డు వేసుకుని పెద్ద పెద్ద తొట్లలో చేపలు పెంచుతున్నారు. నీళ్లను బతికించడం ఆయన విద్య. ఆ విద్య కోసం ఎందరో వచ్చారు, నెల తిరక్కుండానే వెళ్లిపోయారు. ఆయన పాఠం చెప్పరు. పని చెప్పి పక్కన కూర్చుంటారు. వకుళ జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి వచ్చింది. నాలుగేళ్లుగా ఉంది.

ఇప్పుడామె చేతిలో సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఉంది. మైపాడు రోడ్డులో పెంచలరెడ్డి గారు కట్టిన రిసార్టులో పదిహేను వేల లీటర్ల అద్దాల తొట్టి. అందులో ఉండబోయేవి ఆరు మంచినీటి టేకు చేపలు. నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు, అన్నం పళ్లెం కంటే వెడల్పు, తోక మీద విషపు ముల్లు. అవి సముద్రాలు దాటి వచ్చి, ప్రస్తుతానికి దస్తగిరి షెడ్డులోనే ఒక తొట్లో ఉన్నాయి.

టేకు చేప బాగా తింటుంది. తిన్నదానికి తగ్గట్టే నీళ్లు పాడుచేస్తుంది. ఆ మురికిలోంచి పుట్టే అమ్మోనియా మళ్లీ దానికే విషం. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో కాపురం ఉండాలి. వాటికి ఎలాంటి ఇల్లు కట్టాలన్నదే వకుళ తేల్చుకోవలసిన సంగతి.

“ఏందమ్మా, గంపలు తెచ్చావు?” అన్నారు దస్తగిరి.

“మన పాత ఫిల్టర్‌లోని బిళ్లలు కావాలి మాస్టారూ. పదకొండు రోజుల్లో ఓపెనింగు. కొత్త బిళ్లలకు సూక్ష్మజీవులు పట్టాలంటే నెలన్నర పడుతుంది. ఇవి వేస్తే తొందరగా అందుకుంటాయి.”

ఆ బిళ్లలు ప్లాస్టిక్‌వి. కొత్తలో తెల్లగా ఉంటాయి. ఏళ్ల తరబడి నీళ్లలో నాని, సూక్ష్మజీవులు పట్టి, బెల్లం రంగుకు తిరుగుతాయి. దస్తగిరి లేచి గంపలందుకుని, పాత తొట్టి పక్కన కూర్చుని దోసిళ్లతో నింపడం మొదలుపెట్టారు.

“ఏ ఫిల్టర్‌లో వేస్తావు?”

వకుళ గంపలోకి చూపు దించుకుంది.

“డ్రమ్ముల్లో,” అంది చివరికి.

“నువ్వు గీసింది జల్లు ఫిల్టర్ కదా?”

“అదే మాస్టారూ. నీళ్లు పైనుంచి జల్లుగా పడి, బిళ్లల మీదుగా కిందికి దిగేలా తెరిచిన పెట్టెలు గీశాను. చప్పుడు చేస్తుందని రెడ్డిగారికి నచ్చలేదు. మూసిన డ్రమ్ములు నాలుగు బయటి దేశం నుంచి తెప్పించారు. అవీ మంచివే. కాగితం మీద లెక్క సరిపోతుంది.”

మూలనున్న తొట్టికి రెండు ఫిల్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి మూసిన డ్రమ్ము. దస్తగిరి లేచి వెళ్లి ఆ డ్రమ్ము ప్లగ్గు పీకేశారు.

“సాయంత్రం దాకా ఉండు,” అన్నారు.

వకుళ ఉంది. తొట్లకు నీళ్లు మార్చింది. టేకు చేపలకు రొయ్యలు వలిచి వేసింది. అవి అడుగున ఇసుకలోంచి లేచి, రెక్కలు అలలా ఆడిస్తూ వచ్చి, రొయ్యల మీద కప్పుకున్నట్టు పడి తిన్నాయి. వేసవి ఎండకు రేకులు చిటపటలాడుతున్నాయి.

పొద్దు వాలాక దస్తగిరి ఆ డ్రమ్ము మూత విప్పారు. కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది. వకుళ చున్నీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“నాకు తెలుసు మాస్టారూ,” అంది.

“తెలుసా?”

“తెలుసు. కరెంటు పోతే డ్రమ్ములో నీళ్లు నిలిచిపోతాయి. గాలి అందక లోపలివన్నీ చస్తాయి. కరెంటు రాగానే ఆ కుళ్లంతా తొట్లోకి పోతుంది. జల్లు ఫిల్టర్‌లో అయితే పంపు ఆగినా తడి బిళ్లలకు గాలి తగులుతూనే ఉంటుంది. మొదటి ఏడే ఇదంతా మీరు చూపించారు.”

దస్తగిరి ఆమె ముఖంలోకి చూశారు. పొద్దున్నే నింపి, తడిగుడ్డ కప్పి, నీళ్లు చిలకరిస్తూ ఉంచిన రెండు గంపలనూ ఎత్తి, ఒకదాని తర్వాత ఒకటి పాత ఫిల్టర్‌లోకి తిరిగి వంపేశారు.

“తెలియనివాళ్లు వచ్చి అడిగితే ఇచ్చేవాణ్ణి,” అన్నారు.

వకుళ ముఖం ఎర్రబడింది. “అయితే మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. మీ మాటైతే రెడ్డిగారు వింటారు.”

“తొట్టి ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలో.”

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

ఇంటికి పోతూ దారంతా ఆమె గురువును తిట్టుకుంది. ఒక్క ఫోను చేస్తే తీరిపోయేదానికి ఇంత బెట్టా అనుకుంది. స్కూటరు ఆపి, రోడ్డు పక్కన నిలబడి మంచినీళ్లు తాగింది. సీసా మూత బిగిస్తుంటే, తన కోపం ఆయన మీద కాదని తోచింది. ఆ రోజు రెడ్డిగారు చప్పుడు వద్దనగానే, “సరేనండి, అదీ బాగానే ఉంటుంది,” అన్నది తనే. ఆ మాట అనమని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పెంచలరెడ్డి బెంగళూరు వెళ్లారు. వకుళ రిసార్టుకు ప్లంబర్‌ను పిలిపించి నాలుగు డ్రమ్ముల గొట్టాలూ విప్పించింది. తొట్టి వెనక గదిలో, తను గీసుకున్న కాగితం ప్రకారం ఆరు పెట్టెలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టించింది. పైన కన్నాల పలక, దాని కింద తెల్లటి కొత్త బిళ్లలు. నాలుగో రోజుకి పంపు వేస్తే గది నిండా వాన కురిసినట్టు చప్పుడయింది.

పెంచలరెడ్డి తిరిగి వచ్చి ఆ చప్పుడు విన్నారు.

“ఏందిది?”

“జల్లు ఫిల్టరండీ.”

“నేను వద్దన్నా కదా?”

“మీరు వద్దన్నారు. నేను సరేనన్నాను. అలా అనడం నా తప్పు. సరిదిద్దుకున్నాను.”

“తీసెయ్.”

“తియ్యనండి.”

పెంచలరెడ్డి ఆమెను కొత్తగా చూసినట్టు చూశారు. “ఎవరి స్థలంలో నిలబడి మాట్లాడతున్నావో తెలుసునా?”

“స్థలం మీది. నీళ్లకు జవాబుదారు నేను. కరెంటు పోయిన రోజు మీ డ్రమ్ములు ఆ చేపల్ని చంపుతాయి.”

“జనరేటరుంది.”

“అది స్టార్టు కాని రోజు?”

రెడ్డిగారి గొంతు పెరిగింది. “చెన్నై నుంచి వేరేవాళ్లను పిలిపిస్తా!”

“పిలిపించండి. ఇది నీటి పరీక్షల పుస్తకం. ఈ ఫిల్టర్ ఎందుకు పెట్టానో మొదటి పేజీలో రాశాను. వాళ్లకు చూపించండి. ఇంకో మాట. అమ్మోనియా, అది విరిగితే పుట్టే నైట్రైటు అనే విషమూ రెండూ సున్నాకు వచ్చేదాకా చేపలు రావు. ఓపెనింగు రోజుకి రావు.”

ఆయన అక్కడే నిలబడి దస్తగిరికి ఫోను చేశారు. “మాస్టారూ, మీ శిష్యురాలు ఏం మాట్లాడతా ఉందో వింటున్నారా? చేపలు మీ దగ్గరే ఉన్నాయి, మీరు పంపించెయ్యండి.”

ఫోను బయటికి వినబడేలానే ఉంది. అవతల నీళ్ల చప్పుడు వినిపించింది.

“ఆ తొట్టి సంగతి వకుళనే అడగండి రెడ్డిగారూ,” అని దస్తగిరి ఫోను పెట్టేశారు.

రెండు రోజులకు చెన్నై మనిషి వచ్చాడు. మొదటి పేజీ చదివాడు. వెనక గదిలోకి వెళ్లి పెట్టెల్లో చెయ్యి పెట్టి చూశాడు. పంపు ఆపించి, మళ్లీ వేయించాడు. వకుళను రెండు ప్రశ్నలడిగాడు. కాఫీ తాగి, “దీన్ని కదపొద్దు సార్,” అని రెడ్డిగారికి చెప్పి బస్సెక్కాడు.

ఓపెనింగు రోజు వచ్చింది. పూలదండలు కట్టారు, సన్నాయి పెట్టారు. తొట్లో దీపాలు వెలుగుతున్నాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. లోపల చేప ఒక్కటీ లేదు. పొద్దున చేసిన పరీక్షలో నైట్రైటు ఉందని చెప్పే గులాబీ రంగు ఇంకా ముదురుగానే తిరిగింది.

“ఈ పూట నువ్వు వెనక గదిలోనే ఉండు,” అని పెంచలరెడ్డి అంతకుముందే చెప్పారు. వకుళ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, తొట్టి పక్కనే నిలబడింది.

పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు అద్దం దగ్గరికొచ్చి అటూ ఇటూ వెతికారు. “ఏమ్మా, చేపలేవి?”

పెంచలరెడ్డి రెండడుగుల దూరంలో ఉన్నారు. ఆయన చూపు వకుళకు వీపు మీద తెలుస్తూనే ఉంది.

“నీళ్లు ఇంకా సిద్ధం కాలేదమ్మా,” అంది వకుళ. “చూడ్డానికి తేటగా ఉన్నాయి గానీ లోపల విషం ఉంది. ఇవాళ వదిలితే వారం తిరక్కుండా చస్తాయి. నేనే వద్దన్నాను.”

“మరి రెడ్డిగారు ఒప్పుకున్నారా?”

“లేదమ్మా. ఒప్పుకోలేదు.”

పెద్దావిడ ఒకసారి ఖాళీ తొట్టినీ, ఒకసారి రెడ్డిగారినీ చూశారు. “అయితే మళ్లీ వస్తాలే,” అన్నారు. ఎవరో నవ్వారు. పెంచలరెడ్డి నవ్వలేదు. ఆ రోజు నుంచి వకుళతో మాట్లాడటం మానేశారు. ఆమె మాత్రం రోజూ వచ్చింది. సూక్ష్మజీవులకు మేతగా కావలసినంత అమ్మోనియా కొలిచి నీళ్లలో కలిపింది, పరీక్ష చేసింది, పుస్తకంలో రాసింది. ఆయన ఎదురుపడితే తల వంచలేదు, పక్కకు తప్పుకోలేదు.

ఓపెనింగు అయిన మర్నాడే ఒక ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో తడిగుడ్డ కప్పిన గంపలు రెండు. చీటీ లేదు, మాట లేదు. గుడ్డ తీస్తే బెల్లం రంగు బిళ్లలు.

ఆ తర్వాత ఇరవయ్యో రోజున, ముందురోజు కలిపిన అమ్మోనియా జాడ లేకుండా పోయింది. పరీక్ష సీసాలో గులాబీ రంగు తిరగలేదు. వకుళ మరో రెండు రోజులు ఆగి, రెండుసార్లూ చూసి, అప్పుడు గురువుకు ఫోను చేసింది.

దస్తగిరి వ్యానులో టేకు చేపల్ని తెచ్చారు. వెడల్పాటి టబ్బుల్లో, ముళ్లకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి. చేపలకు అలవాటయ్యేలా తొట్టి నీళ్లను గ్లాసు గ్లాసుగా టబ్బుల్లో కలుపుతూ వకుళ గంటన్నర కూర్చుంది. తర్వాత గొట్టాలు తీసి, ఒక్కొక్క చేపనూ టబ్బుతో సహా నీళ్లలోకి వంచి వదిలింది. ఆరూ అడుగుకు దిగి, ఒక గుండ్రం తిరిగి, ఇసుక ఎగజల్లి ఒంటి మీద కప్పుకున్నాయి. కళ్లు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి.

పెంచలరెడ్డి ఎప్పుడొచ్చారో, వెనక నిలబడి ఉన్నారు. చాలాసేపు చూశారు.

“మాస్టారూ,” అన్నారు, “ఈ మొండితనం కూడా మీరే నేర్పారా?”

“లేదు రెడ్డిగారూ,” అన్నారు దస్తగిరి. “హేచరీలో ఉన్నప్పుడు ఒకసారి మా యజమాని, నీళ్లు సిద్ధం కాకుండానే రొయ్యపిల్లల్ని వదలమన్నారు. నేను తలూపాను.”

వకుళ టబ్బు కడుగుతూ ఆగింది.

“నేనూ మొదట ఊపాను మాస్టారూ,” అంది.

దస్తగిరి అద్దానికి చెయ్యి ఆనించి, ఇసుకలోంచి చూస్తున్న ఆ కళ్లకేసి వంగారు.

“ఆయన రెండోసారి అడిగినప్పుడూ నేను ఊపాను,” అన్నారు.