గువ్వ మెయిలు, పెళ్ళి పులిహోర

మండపేటలో గవర్రాజు, సూరన్న, పేరయ్య అని ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. తెలివంటే తమదేనని వాళ్ళ నమ్మకం. "మన బుర్రలకి దిష్టి తగుల్తుందిరా" అని పెద్దవాడు గవర్రాజు రోజూ ముగ్గురికీ నిమ్మకాయ తిప్పేవాడు. సాయంత్రాలు కూర్చుని మెయిళ్ళు చదువుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే తయారుచేసి పంచేవాళ్ళు. దాని పేరు గువ్వ. అది ఎలా పనిచేస్తుందో లోపల రాసిందంతా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఒకరోజు పొద్దున్నే వంటల రత్నం పిన్ని కంప్యూటర్ చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, పెళ్ళికి భోజనాలు తీసుకెళ్ళాలి. హాలు పేరూ, దారీ, వాళ్ళ నంబరూ అన్నీ ఒక్క మెయిల్లో పెట్టారు. అది దీన్లో ఉంది, ఫోన్లోకి రావట్లేదు. డ్రైవరుకి చూపించాలి. రెండుచోట్లా ఒకేలా ఉండేట్టు చెయ్యండ్రా!"

ఆ మెయిల్ పెట్టె ఓ పెద్ద కంపెనీది. ఫోన్‌నీ కంప్యూటర్‌నీ కలిపే పద్ధతిని ఆ కంపెనీ బయటపెట్టదు. సూరన్న వాళ్ళకి ఫోన్ చేశాడు. "ఎవరికీ చెప్పనని మాటిస్తే చెప్తాం" అన్నారు. ఇచ్చాడు. అంతే, అంతా నేర్చుకుని నోరు మూసుకుని కూర్చున్నాడు.

"చెప్పరా!"

"మాటిచ్చాను అన్నయ్యా."

"మాకొద్దులే, గువ్వకైనా చెప్పు!"

"అమ్మో! దాని లోపల రాసిందంతా ఊరందరూ చదువుతారు. దానికి చెప్తే దండోరా వేసినట్టే!"

"పోనీ, దాపరికం లేని పద్ధతి ఒకటుంది. ఎవరైనా చదవొచ్చట" అన్నాడు పేరయ్య. ఇంకేముంది, ఆ పద్ధతి రాసున్న కాగితాలు పట్టుకుని వీధిలో గుమ్మం గుమ్మం తిరిగి అందరిచేతా చదివించాడు. ఈలోగా భోజనాల వ్యాను వచ్చి గుమ్మంలో ఆగింది.

"మొదలెట్టరా నాయనా!" అంది పిన్ని.

"పక్కవీధి వాళ్ళింకా చదవలేదు పిన్నీ!"

గవర్రాజుకి ఒళ్ళు మండింది. "నేను చూస్తాను ఉండండి. ఫోన్లో మెయిల్ లేదు, కంప్యూటర్లో ఉంది. ఒకేలా కావాలి, అంతేగా?" అని కంప్యూటర్లోదీ చెరిపేశాడు. (అడక్కుండా ఎవరి మెయిలూ ముట్టుకోకూడదు పిల్లలూ, అది గవర్రాజుకి తెలీదు.)

"నా మెయిలేదిరా?"

"అక్కడా లేదు, ఇక్కడా లేదు. ఒక్క అక్షరం తేడా చూపించు పిన్నీ!"

పిన్ని అరుగు మీద కూలబడింది. "ఏ హాలుకని వెళ్ళను! పెళ్ళివారి ముందు నా పరువు పోయిందిరా!"

ఆవిణ్ణి ఎలాగైనా సంతోషపెట్టాలని ముగ్గురూ వ్యాను ఎక్కారు. లోపల ఒక గంగాళం నిండా పులిహోర, పక్కనే ఒకటి ఖాళీ.

"చూశావా, ఇవీ ఒకేలా లేవు!" అన్నాడు సూరన్న.

అంతే. విస్తళ్ళు పరిచారు. చదివిన వీధంతా వచ్చి కూర్చుంది. పిన్ని కళ్ళు తుడుచుకుని లేచేసరికి రెండు గంగాళాలూ తళతళా మెరుస్తున్నాయి.

అప్పుడే పెళ్ళిపెద్ద ఫోను. "ఏమమ్మా, బంతులేసి కూర్చున్నాం, ఇక్కడ ఒక్క మెతుకు లేదు!"

పిన్ని నోరు తెరిచేలోగా గవర్రాజు ఫోను లాక్కున్నాడు.

"కంగారుపడకండి బాబాయిగారూ, ఇక్కడా ఒక్క మెతుకు లేదు. పని పూర్తయింది!"