లోపలి గొళ్ళెం

సిరిగుట్ట మీది ఆశ్రమంలో ఉండే సుభద్రవ్వకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది కాదు, అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేది. మోక్షం గురించి వాదించడానికి వచ్చిన ప్లీడరుగారు పశువుల కొట్టం కడిగి వెళ్ళారు. మనశ్శాంతి కావాలన్న షావుకారు మూడు రోజులు పిడకలు చరిచాడు. సంగతి తెలిసినవాళ్ళు గుట్ట ఎక్కే ముందు పాత పంచె కట్టుకునేవాళ్ళు.

సోమశేఖరం ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలోనే ఎక్కాడు. అతను అవ్వకు పన్నెండేళ్ళుగా శిష్యుడు, గుట్ట కింది బడిలో పెద్ద అయ్యవారు. పైగా దానం గొప్పతనం గురించి చుట్టుపక్కల ఊళ్ళలో ఉపన్యాసాలు చెప్పే మనిషి. అటువంటివాడికి కానుక విషయంలో సందేహం రావడమే ఒక వింత. వచ్చింది.

"అవ్వా, అల్లిక అంటే ప్రాణం పెట్టే మనిషికి ఏమిస్తే మనసుకు పడుతుంది?" అని అడిగాడు.

ఆ మనిషి అతని భార్య నీలావతి. అల్లిక కబుర్లు అవ్వతో చెప్పుకునే చనువు ఆమెకూ ఉంది. వచ్చే పౌర్ణమికి ఆమెకు యాభై నిండుతాయి. చిన్నప్పుడు కాన్వెంటులో ఒక సిస్టరు దగ్గర ఊలు అల్లడం నేర్చుకుని, పెట్టెలో చీరలతో పాటు రెండు సూదులు కూడా పెట్టుకుని కాపురానికి వచ్చిన మనిషి. సోమశేఖరం పిసినారి కాడు. ఒక ఏడు ఊటీ నుంచి ఐదు రంగుల ఊలు తెప్పించాడు. మరో ఏడు వెదురు సూదులు. ఆ తర్వాత నమూనాల పుస్తకం, మూత ఉన్న పేము బుట్ట. ప్రతిసారీ నీలావతి "బాగుంది" అని బీరువాలో పెట్టింది. బీరువా నిండింది కానీ ఆమె ఒళ్ళో ఉన్న తెల్ల శాలువా మాత్రం రెండేళ్ళుగా జానెడు దాటలేదు. ఊలు చాలడం లేదేమో అనుకుని ఇంకా తెచ్చాడు. సూదులు బరువేమో అనుకుని మార్చాడు. లోపం వస్తువుల్లో తప్ప ఇంకెక్కడైనా ఉండవచ్చునని అంత చదువుకున్నవాడికీ తోచలేదు.

పోయిన వారం నీలావతి ఆ జానెడు శాలువాను సూదులతో సహా పాత దిండు గలీబులో చుట్టి అటక మీద పడేసింది. ఇక అల్లను అంది. ఏడవలేదు, అలగలేదు, పొయ్యి మీద పాలు పొంగితే వెళ్ళి దించింది. అదే అతన్ని భయపెట్టింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె ఊరికే కూర్చోవడం అతను చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తున్న నీలావతి తన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఎవరో పరాయి మనిషిలా కనిపించింది. ఏదో ఒకటి ఇచ్చి ఆ సూదులు మళ్ళీ కిందికి దింపించాలి. లేకపోతే ఆమె ఇంట్లోనే ఉంటుంది గానీ తనకు దక్కదని అతనికి లోలోపల తెలిసిపోయింది.

అవ్వ అంతా విని లోపలికి వెళ్ళి ఒక గోతాము ఈడ్చుకొచ్చింది. నిండా అనపగింజలు. ఆశ్రమం నుంచి ఏటా రైతులకు విత్తనం పంచుతారు. మూడువందల నలభై గింజలకు ఒక పొట్లం కట్టమంది. ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. లెక్క తప్పితే ఆ పొట్లం మళ్ళీ మొదటినుంచి. పొద్దుగూకేలోగా పది పొట్లాలు కావాలి.

సోమశేఖరం మనసులో నవ్వుకున్నాడు. పిల్లలకు ఎక్కాలు చెప్పే మనిషికి ఇదొక పనా? వసారాలో చాప పరుచుకుని కూర్చున్నాడు. అవ్వ వంటింట్లోకి వెళ్ళి ఒకే ఒక్క మాట చెప్పింది.

"సోమశేఖరం వసారాలో ఖాళీగా కూర్చున్నాడు."

ఖాళీగా ఉన్నాడు అనే మాట ఒక మగవాడి మీద పడటం ఆ గుట్ట మీద అదే మొదటిసారి. దాని బలం ఎంతటిదో చూడండి. అరవై గింజల దగ్గర వంటమ్మ గంగులమ్మ గరిటెతో వచ్చి పప్పులో ఉప్పు చాలిందా చూడమంది. చూసి, చాలిందని చెప్పి, చేతికంటిన పప్పు తుడుచుకుని చూసేసరికి అవి అరవయ్యో డెబ్బయ్యో గుర్తులేదు. కుప్ప కలిపేశాడు. రెండువందల పది దగ్గర తోటమాలి ఒక కార్డు తెచ్చి కూతురికి రెండు ముక్కలు రాసిపెట్టమన్నాడు. రెండు ముక్కలే కదా. ఆ రెండు ముక్కల్లో కూతురి అత్తగారి కీళ్ళనొప్పులు కూడా ఉన్నాయి. మూడువందల పద్దెనిమిది దగ్గర ఎవరో యాత్రికుడు ఆగి, ఏం చేస్తున్నారండీ అని అడిగాడు. అతనికి కావలసింది ఏమీ లేదు, ఊరికే అడిగాడు. మధ్యాహ్నం దాటాక, మూడువందల ముప్పై తొమ్మిదో గింజ వేళ్ళ మధ్య ఉండగా, గంగులమ్మ మనవరాలిని తెచ్చి ఒళ్ళో కూలేసింది. "ఊరికే కూచున్నారు కదయ్యా, కాస్త పట్టుకోండి, నీళ్ళు తోడుకొస్తా" అంది. ఆ పిల్ల రెండు చేతులతో కుప్పను వసారా నిండా చల్లింది.

ఆ తర్వాత అతను పిలిస్తే పలకడం మానేశాడు. అయ్యవారికి పొగరెక్కింది అనే మాట వంటింట్లోంచి వినబడింది. సాయంత్రం గంగులమ్మ మళ్ళీ వచ్చేసరికి, దానం గురించి ఉపన్యాసాలు చెప్పే ఆ మనిషి గుట్ట అదిరేలా అరిచాడు. నాలుగు నిమిషాలు తన మానాన తనను వదిలేస్తే మీ సొమ్మేం పోయిందని అడిగాడు. అరిచాక అతనికే సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ ఉండగా లెక్క మళ్ళీ తప్పింది.

పొద్దు వాలాక అవ్వ వచ్చి ఎన్ని అయ్యాయని అడిగింది. రెండు అయ్యాయని, రెండోదాని మీద తనకే నమ్మకం లేదని చెప్పాడు. అవ్వ ఆ రెండు పొట్లాలను కొంగులో వేసుకుంది.

"నీలావతి శాలువాలో వరసకు మూడువందల నలభై కుట్లు నాయనా," అంది. "ఒక్క వరసకు."

గుట్ట దిగుతూ ఉంటే అతనికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. నీలావతి పెదవులు కదులుతూ ఉండటం. తాను హాల్లోంచి కేకేయడం. నీలా, నా కళ్ళజోడు చూశావా. నీలా, ఎవరో వచ్చారు, రెండు కాఫీలు. నీలా... ఏం లేదు, ఇంట్లో ఉన్నావా లేదా అని. కేకేసిన ప్రతిసారీ ఆమె సూదులు పక్కన పెట్టి లేచి వచ్చింది. తిరిగి వెళ్ళి, అల్లిన వరస విప్పింది. ఆమె విప్పడం అతను కళ్ళారా చూశాడు. ఎన్నో ఏళ్ళు చూశాడు. విప్పడం కూడా అల్లికలో ఒక భాగమనుకున్నాడు.

మర్నాడు వడ్రంగిని పిలిపించాడు. ఇంటి వెనక రాగుల మూటలు వేసుకునే చిన్న గదిని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, తలుపుకు లోపలి వైపు కొత్త గొళ్ళెం బిగించమన్నాడు. అతని తల్లి చెంగమ్మ మంచం మీద కూర్చుని ప్రతి సుత్తి దెబ్బనూ లెక్కపెట్టి తిట్టింది. ఇంట్లో ఆడది లోపల గొళ్ళెం పెట్టుకునేంత ఏం దాచుకుందని అడిగింది. తాను ఈ ఇంటికి వచ్చి అరవై ఏళ్ళయిందని, స్నానాల గదికి కూడా గొళ్ళెం ఎరగనని చెప్పింది. ఆ చివరి మాట అన్నాక ఎందుకో దెబ్బలు లెక్కపెట్టడం మానేసింది.

పౌర్ణమి నాడు ఇరవై మంది చుట్టాలు వచ్చారు. ఆకుల్లో ఒబ్బట్లు వడ్డించాక సోమశేఖరం లేచి, దానాల్లో ఏది గొప్పదో ఒక శ్లోకం చదివి, గది తలుపు తెరిచి చూపించాడు. నీలావతి తమ్ముడు పకపకా నవ్వాడు. "యాభై నిండిన ఆడమనిషికి గాజులు దొరకలేదా బావా, గొళ్ళెం తెచ్చినావు" అన్నాడు. అందరూ నవ్వారు. నీలావతి నవ్వలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి వేలితో గొళ్ళేన్ని ఒకసారి ఎత్తి దించి చూసింది.

"బయటి వైపు కూడా ఉందా?" అని అడిగింది.

పాతది ఉంటే ఊడబీకించానని చెప్పాడు. ఆమె స్టూలు వేసుకుని అటక మీది గలీబు దించుకుంది. గదిలోకి వెళ్ళింది. గొళ్ళెం పడిన చప్పుడు అందరికీ వినబడింది. ఒబ్బట్ల మీదికి నెయ్యి ఇంకా మూడు ఆకులకు రాలేదు. చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ నెయ్యి సోమశేఖరమే వడ్డించాడు, పెళ్ళికొడుకంత గర్వంగా.

ఆ గర్వం చాలా రోజులు ఉంది. బడిలో చెప్పాడు, ఉపన్యాసాల్లో చెప్పాడు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పాడు. శాలువా జానెడు దాటి మూరెడైంది. రోజూ మధ్యాహ్నం వంట ముగించి, ఆకులు తీసి, నీలావతి లోపలికి వెళ్ళేది, ఎండ వాలాక వచ్చేది. ఆ శాలువా ఎవరికోసమని అతను అడిగితే, నాకోసమని చెప్పింది. ఆరోనాడు చెంగమ్మ కర్ర పోటేసుకుంటూ వెళ్ళి ఆ తలుపు తట్టింది. కోడలు వరస పూర్తయ్యాక తీసింది. నేను మాట్లాడను, ఒక మూల కూర్చుంటానంది అత్త. నీలావతి ఒక్క క్షణం ఆమె వైపు చూసి పక్కకు తప్పుకుంది. ఆనాటి నుంచి మధ్యాహ్నాలు వసారాలో ముసలమ్మ మంచం కూడా ఖాళీయే.

పదిహేనో రోజున పట్నం నుంచి ఇద్దరు పెద్దమనుషులు సోమశేఖరాన్ని ఉపన్యాసానికి పిలవడానికి వచ్చారు. భార్యకిచ్చిన కానుక సంగతి అప్పటికే వాళ్ళ చెవిన పడింది. చూడాలన్నారు. అతను వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి తలుపు తట్టాడు. జవాబు లేదు. నీలా అని పిలిచాడు. జవాబు లేదు. పెద్దమనుషులు గొంతు సవరించుకున్నారు.

"నీలా, నేనే."

లోపల ఆమె మెల్లగా లెక్కపెట్టుకుంటున్న గొంతు వినబడింది. అతను మరోసారి నేనే అన్నాడు. ఆ గొంతు పెద్దదైంది. నూట పన్నెండు. నూట పదమూడు. నూట పద్నాలుగు. దాని మీదుగా తల్లి గొంతు, నిద్రమత్తులోంచి కాబోలు, కసిరింది. "ఉండరా, పిల్ల లెక్కలో ఉంది."

కాఫీ అతనే పెట్టాడు. చక్కెర డబ్బా దొరక్క బెల్లం వేశాడు. పాలు విరిగాయి. పెద్దమనుషులు విరిగిన కాఫీ తాగి, దానం కంటే వేరే విషయం మీద మాట్లాడితే బాగుంటుందేమోనని మర్యాదగా సెలవిచ్చి వెళ్ళారు.

ఎండ వాలాక నీలావతి బయటికి వచ్చింది. అతను గొంతు పెంచలేదు. పిలిచింది తానని తెలియలేదేమోనని మాత్రం అడిగాడు. ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరేనని తెలుసు. అందుకే తీయలేదు. పరాయివాళ్ళయితే, పాపం వరసంటే ఏమిటో తెలియక పిలిచారనుకుని తీసేదాన్ని."

ఆ మాట చెప్పి చేటలో చిక్కుళ్ళు పోసుకుని ఈనెలు తీయడానికి కూర్చుంది, అదేదో మామూలు సంగతి చెప్పినట్టు. అతనికి ఆ పూట అన్నం సహించలేదు. తానిచ్చిన వస్తువు, తన ఇంటి తలుపు, తన భార్య, ముగ్గురూ కలిసి తనను నలుగురిలో నిలబెట్టినట్టనిపించింది. స్క్రూడ్రైవరు ఒకసారి చేతిలోకి తీసుకున్నాడు. గది దాకా వెళ్ళాడు కూడా. తెరిచి ఉన్న తలుపులోంచి, కుర్చీ మీద మడత పెట్టి ఉన్న శాలువా కనిపించింది. ఇప్పుడది రెండు మూరలు. తిరిగి వచ్చి స్క్రూడ్రైవరును డబ్బాలో పడేశాడు.

మర్నాడు గుట్ట ఎక్కాడు. గొళ్ళెం తీసేయాలని తనకు లేదని, ఇచ్చినందుకు ఇప్పటికీ సంతోషమేనని అవ్వకు చెప్పాడు. ఒకే ఒక చిన్న ఏర్పాటు చేసుకోవచ్చునా అని అడిగాడు. మూడుసార్లు వరసగా తడితే అది తానని గుర్తు. ఊరందరికీ అక్కర్లేదు. తనొక్కడికి తీస్తే చాలు.

సుభద్రవ్వ ఈసారి అతనికి ఏ పనీ అప్పగించలేదు.

"అయితే ఆ గొళ్ళెం ఇంకా నీ దగ్గరే ఉంది నాయనా," అంది. "ఆ పిల్లకు ఎప్పుడిస్తావు?"